వానను బట్టి దారి: అమెరికా పడమటి సీమలో క్లైంబర్ల సంచారం

అమెరికా పడమటి రాష్ట్రాల్లో రాక్ క్లైంబర్లు, వారి తర్వాత మౌంటెన్ బైకర్లు, కార్లలోనో వ్యాన్లలోనో వారాలూ నెలలూ ఊరూరా తిరగడం ఎనభై ఏళ్లకు పైబడిన ఆచారం. తాళ్లు, ఉక్కు మేకులు, సైకిళ్లు, వంటపొయ్యి, పరుపు అన్నీ బండిలోనే ఉంటాయి. దారిన పోయేవారికి అది గాలివాటం తిరుగుడులా కనిపిస్తుంది. దాని వెనుక మాత్రం పక్కా లెక్క ఉంది. ఏ నెలలో ఏ ఎత్తున ఏ రాయి పొడిగా ఉంటుంది, ఇక్కడ వాన పట్టుకుంటే ఎటు ఎన్ని గంటలు బండి తోలితే పొడినేల దొరుకుతుంది అన్నదే ఆ లెక్క. అదెవరూ బడిలో నేర్పింది కాదు. తడిసి, చలికి కొంకర్లు పోయి, ఎండకు మాడి కూడబెట్టుకున్న అనుభవం. తెలుగు రైతుకు కార్తెలు ఎలాగో, అక్కడి క్లైంబరుకు కొండల ఎత్తులు అలాగ.

ఆ ప్రాంతపు నేల తీరు తెలిస్తేనే ఈ ఆచారం అర్థమవుతుంది. చలికాలంలో పసిఫిక్ మహాసముద్రం మీంచి ఒకదాని వెంట ఒకటి వచ్చే తుఫానులు కాస్కేడ్, సియెర్రా నెవాడా పర్వతాలను తాకి, పడమటి వాలున తమ నీరంతా కుమ్మరిస్తాయి. కొండ దాటేసరికి మబ్బు వట్టిపోతుంది. తూర్పు వాలంతా వర్షచ్ఛాయ. సియాటెల్‌లో ఏడాదికి సుమారు 950 మిల్లీమీటర్ల వాన పడితే, రెండు గంటల దూరాన కొండలకు ఆవల ఉన్న ఎలెన్స్‌బర్గ్, వాంటేజ్ ప్రాంతాల్లో అందులో నాలుగో వంతుకు మించదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో సియాటెల్ చేరిన తెలుగు కుటుంబాలకు అక్కడి ముసురు బాగా పరిచయమే. ఆ ఊరి క్లైంబర్లు ముసురు వదలని శనివారాల్లో తూర్పుకు బయలుదేరి, కొలంబియా నది పక్కన నిలువుగా లేచిన బసాల్ట్ స్తంభాల మీద ఎండలో ఎక్కి, మళ్లీ వానలోకి తిరిగివస్తారు.

వర్షచ్ఛాయ తర్వాత చెప్పుకోవలసింది ఎత్తు. పైకి పోయే ప్రతి వెయ్యి మీటర్లకూ గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ అడుగు సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తున ఉంటే, అదే పార్కులో టువాలమీ మెడోస్ 2,600 మీటర్ల ఎత్తున ఉంది. రెంటి నడుమ దారి తొంభై కిలోమీటర్లే అయినా వేడిలో తేడా తొమ్మిది డిగ్రీలు. జులైలో లోయలోని గ్రానైట్ గోడ చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంటే, పైన గుండ్రటి తెల్లని గుట్టల మీద గాలి హాయిగా వీస్తుంది. నవంబరు వచ్చేసరికి పైదారి మంచుతో మూసుకుపోతుంది. ఆ దారిలోని టయోగా కనుమ ఎత్తు 3,031 మీటర్లు. మామూలు సంవత్సరాల్లో అది మళ్లీ తెరుచుకునేది మే చివరనో జూన్‌లోనో.

దక్షిణాన అరిజోనా, యూటా, కొలరాడో రాష్ట్రాలది మరో పద్ధతి. ఋతుపవనాలు భారతదేశానికే సొంతమని అనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, అమెరికా నైరుతి మూలకూ ఋతుపవనం ఉంది. జులై నుంచి సెప్టెంబరు నడిమి దాకా దక్షిణం నుంచి తేమగాలి ఎగబాకి, ఎండకు కాగిన కొండల మీద మధ్యాహ్నానికల్లా ఉరుముల వానగా మారుతుంది. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం పన్నెండు దాటాక పిడుగులు కురుస్తుంది. కొలరాడోలో 4,346 మీటర్ల లాంగ్స్ శిఖరం ఎక్కేవారు రాత్రి రెండు మూడు గంటలకే లేచి నడక మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముందే శిఖరం దిగి రావాలన్న నియమం ఈ పిడుగుల భయంతో వచ్చిందే.

ఇలాంటి సీమలో రాతి ఎక్కడం ఆటగా మొదలైనప్పుడు దారి ప్రయాణం దానిలో భాగం కాలేదు. 1931లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే రాబర్ట్ అండర్‌హిల్ సియెర్రా క్లబ్ అనే పర్వతప్రియుల సంఘం వారికి తాడు వాడే పద్ధతులు నేర్పాడు. ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చిన్న బృందాలు ఏర్పడి, ఊరి దగ్గరి బండల మీద సాధన చేసి, సెలవు రోజుల్లో యోసెమిటీకి వెళ్లివచ్చేవి. వాన పడితే ఇంట్లో ఉండిపోవడమే. వాతావరణాన్ని బట్టి దూరపు నేలను, తగిన నెలను కోరి ఎంచుకున్న తొలి ప్రయాణాల్లో 1939 నాటి షిప్‌రాక్ యాత్ర ఒకటి. న్యూ మెక్సికో ఎడారిలో చుట్టూ ఉన్న మైదానం నుంచి దాదాపు 480 మీటర్లు లేచిన ఆ అగ్నిశిల కోసం డేవిడ్ బ్రౌవర్, బెస్టర్ రాబిన్సన్, రాఫీ బెడేన్, జాన్ డయర్ కాలిఫోర్నియా నుంచి సుమారు 1,600 కిలోమీటర్లు కారులో వెళ్లారు. వారు ఎంచుకున్నది అక్టోబరు. వేసవి పిడుగులు తగ్గి, చలికాలపు మంచు ఇంకా మొదలుకాని నెల అది. శిఖరం చేరే క్రమంలో రాతికి తొలిచి బిగించే బోల్టులు వాడారు. అమెరికా క్లైంబింగ్‌లో అదే మొదటిసారి. షిప్‌రాక్ నవాహో ప్రజలకు పవిత్ర స్థలం. దాన్ని ఎక్కడం తర్వాతి కాలంలో నిషేధించారు, ఆ నిషేధం నేటికీ అమల్లో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. సైన్యం దగ్గర మిగిలిన నైలాను తాళ్లు చవకగా దొరికాయి. పాత కార్లు కుర్రాళ్ల చేతికి అందాయి. 1956 చట్టంతో దేశమంతటా అంతర్రాష్ట్ర రహదారులు వేయడం మొదలైంది. ఉద్యోగం, ఇల్లు పక్కనపెట్టి ఏడాది పొడవునా కొండల వెంట తిరిగే మనుషులు అప్పుడే కనిపించడం మొదలైంది.

వారిలో ఇవాన్ షునార్డ్ కథ ఈ ఆచారానికి అద్దం పడుతుంది. 1957లో అతను పాత సామాన్ల కొట్టులో బొగ్గు కొలిమి, బరువైన దాగలి కొని, కమ్మరం తనంతట తానే నేర్చుకున్నాడు. యూరప్ నుంచి వచ్చే మెత్తటి ఇనుప పిటాన్లు, అంటే రాతి పగుళ్లలో కొట్టే మేకులు, ఒకసారి కొడితే మళ్లీ ఊడదీసి వాడేందుకు పనికొచ్చేవి కావు. యోసెమిటీ గోడల మీద రోజుల తరబడి ఎక్కేవారికి వందల సార్లు కొట్టి తీయగల గట్టి ఉక్కు కావాలి. షునార్డ్ గంటకు రెండు చొప్పున చేసి, ఒక్కొక్కటి డాలరున్నరకు అమ్మేవాడు. యూరప్ మేకు ధర ఇరవై సెంట్లే అయినా అతనివే అమ్ముడుపోయేవి. పనిముట్లు చాలావరకు కారులో పట్టేవి. సముద్రతీరం వెంట సర్ఫింగ్ చేస్తూ, అలలు తగ్గాక దాగలిని ఇసుకలో దింపి మేకులు కొట్టి, మరో తీరానికి సాగిపోయేవాడు.

అతని ఏడాదిని నెలలవారీగా చూస్తే అది వాతావరణ పటమే. చలికాలం కొలిమి దగ్గర. ఏప్రిల్ నుంచి జులై దాకా యోసెమిటీ గోడల మీద. ఎండలు ముదిరాక వయోమింగ్, కెనడా, ఆల్ప్స్ ఎత్తైన పర్వతాలకు. ఆకురాలు కాలంలో మళ్లీ యోసెమిటీకి వచ్చి, నవంబరులో మంచు పడేదాకా అక్కడే. సంపాదన రోజుకు డాలరుకు మించని వారాలు ఉండేవి. ఒక వేసవికి ముందు సొట్టలుపడిన పిల్లి ఆహారపు డబ్బాలను పెట్టెలకొద్దీ చవకగా కొని, వాటితో రాకీ పర్వతాల్లో గడిపాడు. కొన్నేళ్లకు ఈ కొలిమి పెద్ద కంపెనీ అయింది. 1973లో పటగోనియా దుస్తుల సంస్థగా విస్తరించింది. తను అమ్ముతున్న ఉక్కు మేకులే రాతి పగుళ్లను ఛిద్రం చేస్తున్నాయని గ్రహించి, 1972లో వాటికి బదులు దెబ్బ కొట్టకుండా పగుల్లో ఇరికించే అల్యూమినియం ముక్కలను ప్రచారంలోకి తెచ్చినవాడూ అతనే. రాతి మీద శ్రద్ధ అక్కడితో ఆగలేదు. తడిరాతిని ముట్టకూడదన్న నియమం ఎడారిలో స్థిరపడటం వెనుకా ఆ శ్రద్ధే ఉంది.

యోసెమిటీలో ఈ సంచారులందరికీ మకాం క్యాంప్ 4. ఆనాటి పెద్ద ఎక్కుళ్లన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. వాతావరణం ఎంతగా కట్టడి చేసేదో ఎల్ కాపిటాన్ తొలి ఆరోహణలో కనిపిస్తుంది. సుమారు 900 మీటర్ల ఆ గోడ మీద 'నోజ్' అనే దారిని వారెన్ హార్డింగ్ బృందం 1957 జులైలో మొదలుపెట్టింది. గోడ మీది మనుషులను చూడటానికి కింద రోడ్డు మీద కార్లు ఆగిపోతుండటంతో, యాత్రికుల రద్దీ ఉండే వేసవి నెలల్లో ఎక్కకూడదని పార్కు అధికారులు ఆంక్ష పెట్టారు. ఇక మిగిలింది వసంతం, ఆకురాలు కాలం. ఆ రెండు కాలాల్లోనూ పసిఫిక్ తుఫాను ఎప్పుడు వచ్చిపడుతుందో తెలియదు. చివరి పట్టు 1958 నవంబరులో పట్టారు. మంచుతుఫాను మధ్యలో అడ్డుపడింది. చివరి రాత్రి హార్డింగ్ తెల్లవార్లూ రాతికి బోల్టులు తొలుస్తూ, నవంబరు 12న వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్‌లతో కలిసి పైకి చేరాడు.

1970లలో తరువాతి తరం ఈ కాలపట్టికను మరింత బిగించింది. దక్షిణ కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ఎడారి చలికాలపు బడి అయింది. అక్కడి గరుకు గ్రానైట్ మీద డిసెంబరు, జనవరి నెలల్లో చేతులు తిమ్మిరెక్కినా రాయి పొడిగా ఉంటుంది. జాన్ లాంగ్, జాన్ బాకర్, లిన్ హిల్ వంటి వారు అక్కడే రాటుదేలారు. వేసవిలో సమీపంలోని టాక్విట్జ్ కొండ, వసంతంలోనూ ఆకురాలు కాలంలోనూ యోసెమిటీ, ఆగస్టులో టువాలమీ. కదలిక వెనుక వానా ఎండా మాత్రమే లేవన్నది కూడా నిజం. యోసెమిటీలో ఒకరు ఏడాదికి ముప్పై రాత్రులకు మించి ఉండకూడదు, రద్దీ నెలల్లో లోయలో ఏడే రాత్రులు. ప్రభుత్వ బంజరు భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ పరిధిలో మామూలు గడువు పద్నాలుగు రోజులు. వాతావరణం బాగున్నా ఈ గడువులు బండిని కదిలించేవి.

దూరాన్నీ కాలాన్నీ కలిపి ఆలోచించడంలో 1968 నాటి ఫిట్జ్ రాయ్ శిఖర యాత్రను మించినది అంతకు ముందరి షునార్డ్ తరంలో లేదు. షునార్డ్, డగ్ టాంప్‌కిన్స్, మిత్రులు ఒక వ్యాన్ కొని, అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న పటగోనియాకు జులైలో కాలిఫోర్నియా నుంచి బయలుదేరారు. పేరుకు కొండ యాత్రే అయినా పథకం వేసింది రెండు అర్ధగోళాల ఋతువులను కలిపి. ఉత్తరాన వేసవి ఉండగా మధ్య అమెరికా తీరాల్లో సర్ఫింగ్. భూమధ్యరేఖ దాటి చిలీ చేరేసరికి అక్కడ చలికాలం గనుక అగ్నిపర్వతాల మంచు మీద స్కీయింగ్. ఇంకా కిందికి పోయేసరికి పటగోనియాలో వసంతం ముగిసి వేసవి మొదలవ్వాలి, అప్పుడు 3,405 మీటర్ల ఫిట్జ్ రాయ్. ఈ పథకంలో ప్రతి భాగమూ అనుకున్నట్టే సాగింది, చివరిది తప్ప. పటగోనియాకు వేసవి అంటే ఎండ కాదు. దక్షిణ మహాసముద్రం మీద అడ్డూ ఆపూ లేకుండా తిరిగే పడమటి గాలి నేరుగా ఆ శిఖరాలను కొడుతుంది. ఐదుగురు మనుషులు మంచులో తవ్వుకున్న గుహల్లో మొత్తం 31 రోజులు కూర్చున్నారు. తిండి అయిపోవస్తుంటే కిందికి దిగి తెచ్చుకునేవారు, తిరిగి ఎక్కేవారు. డిసెంబరు 20న దొరికిన తెరిపిలో నైరుతి అంచు మీదుగా కొత్త దారిన శిఖరం చేరారు. లిటో తెహాదా ఫ్లోరెస్ తీసిన చిత్రం ఆ ప్రయాణాన్ని మిగిల్చింది. ఋతువును ఎంచుకోవడం మనిషి చేతిలో ఉంది గాని, రోజును ఎంచుకోవడం లేదు. ఈ తేడాను ఆ గుహల్లో గడిపినవారి కంటే బాగా తెలిసినవారు తక్కువ.

అదే కాలంలో యూటా ఎడారి ఈ సంచారపు పటంలోకి వచ్చింది. కొలరాడోలో తాపీపని చేసుకునే లేటన్ కోర్, హంట్లీ ఇంగల్స్‌తో కలిసి 1961లో మోయాబ్ దగ్గరి క్యాజిల్టన్ టవర్‌ను, మరుసటి ఏడు జార్జ్ హర్లీని కూడా కలుపుకుని ఫిషర్ టవర్స్‌లోని టైటన్‌ను మొదటిసారి ఎక్కాడు. 1976లో ఎర్ల్ విగిన్స్, ఎడ్ వెబ్‌స్టర్, బ్రయాన్ బెకర్ ఇండియన్ క్రీక్ లోయలో 'సూపర్‌క్రాక్' ఎక్కారు. అక్కడి పగుళ్లు అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పున ఉంటాయి. ఇరికించిన అల్యూమినియం ముక్క జారిపోతుంది. విమాన, అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసిన రే జార్డిన్ రూపొందించిన, స్ప్రింగుతో విచ్చుకుని పగుల్లో బిగుసుకునే 'ఫ్రెండ్' పరికరం 1978లో అమ్మకానికి వచ్చాక ఇండియన్ క్రీక్ దేశమంతటి వారికీ వసంతపు, ఆకురాలు కాలపు మజిలీ అయింది.

గ్రానైట్ నేర్పని పాఠం ఒకటి ఇసుకరాయి నేర్పింది. గ్రానైట్ మీద వాన వెలిస్తే గంటల్లో ఎక్కవచ్చు. ఇసుకరాయి రేణువుల నడుమ సన్నని ఖాళీలుంటాయి. ఆ రేణువులను బంక మట్టి, సున్నం, ఇనుప ఆక్సైడు వంటివి పట్టి ఉంచుతాయి. నీరు లోపలికి ఇంకితే ఆ పట్టు సడలి రాయి బలం గణనీయంగా తగ్గిపోతుంది. పైపొర ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. అప్పుడు ఎక్కితే పట్టుకున్న అంచు ఊడి చేతిలోకి వస్తుంది, పడినప్పుడు పరికరం రాతిని చీల్చుకుని బయటపడుతుంది. విరిగిన అంచు మళ్లీ మొలవదు. అందుకే వాన వెలిశాక ఒకటి నుంచి మూడు రోజులు ఆగాలన్న కట్టుబాటు మోయాబ్‌లోనూ, లాస్ వేగాస్ పక్కనున్న రెడ్ రాక్‌లోనూ స్థిరపడింది. ఎండ, గాలి ఉంటే తక్కువ. చలికాలపు నీడగోడ అయితే ఎక్కువ. కొండ పాదాన ఇసుకను వేళ్లతో తవ్వి చూస్తారు. అడుగున తడి తగిలితే రాయీ తడిదే. అంటే ప్రయాణ పథకంలో వాన పడే రోజుతో పాటు వాన పడిన తరవాతి రోజులనూ లెక్కవేయాలి. ఆకాశం మరిచిపోయిన వానను నేల ఇంకా రెండు రోజులు మోస్తూనే ఉంటుంది.

ఆ ఖాళీ రోజుల్లోకి సైకిలు వచ్చింది. మౌంటెన్ బైకు పుట్టిల్లు శాన్ ఫ్రాన్సిస్కోకు ఎదురుగా ఉన్న మెరిన్ కౌంటీ. 1976 అక్టోబరు 21న అక్కడి మట్టిదారిలో పాత బరువు సైకిళ్లతో మొదటి 'రీప్యాక్' పందెం జరిగింది. దిగువకు దూకుతుంటే వెనక బ్రేకులోని గ్రీజు కాలిపోయి, ప్రతిసారీ కొత్తగా దట్టించాల్సి రావడంతో ఆ పేరు. జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకంగా సైకిలు తయారు చేశాడు. గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో అమ్మకాలు మొదలుపెట్టారు. 1981లో వచ్చిన స్టంప్‌జంపర్ అనే సైకిలుతో అది సామాన్యుడికి అందింది. కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ వాసులు 1976లోనే పెర్ల్ కనుమ మీదుగా ఆస్పెన్‌కు పాత సైకిళ్లపై వెళ్లారు. రెండేళ్ల తర్వాత మెరిన్ వారు తమ కొత్త సైకిళ్లతో అక్కడికి వచ్చి వారితో కలిశారు. సైకిలు కోసం రాష్ట్రాలు దాటి పోవడానికి అది తొలి గుర్తుల్లో ఒకటి.

మోయాబ్ అప్పటికి యురేనియం ఊరు. 1952లో చార్లీ స్టీన్ పెద్ద నిక్షేపం కనిపెట్టాక గనులు ఊరిని పెంచాయి. ఖనిజాన్వేషణ కోసం 1950లలో వేసిన దారుల్లో వైట్ రిమ్ ఒకటి, సుమారు 160 కిలోమీటర్లు. 1980ల తొలినాళ్లలో యురేనియం ధర పడిపోయి గనులు మూతపడ్డాయి. 1983లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన రిమ్ సైక్లరీ అనే సైకిలు కొట్టు, 1969లో మోటారు సైకిళ్ల కోసం గుర్తులు వేసిన స్లిక్‌రాక్ దారి, ఆ గని రోడ్లు కలిసి ఊరికి కొత్త బతుకు చూపించాయి. ఖనిజం కోసం వేసిన దారులు, లోపలి ఖనిజం పోయాక, పైన తిరిగేవారి వల్ల ఊరిని నిలబెట్టాయి. కొలరాడో వైపున గంటన్నర దూరంలో ఉన్న ఫ్రూటా కూడా 1990ల నడుమ నుంచి అదే దారి పట్టింది.

క్లైంబింగూ సైక్లింగూ ఒకే బండిలో కలవడానికి వాతావరణమే కారణం. ఒకదానికి చెడ్డరోజు ఇంకోదానికి మంచిరోజు కావచ్చు. వాన మర్నాడు ఇసుకరాయిని ఎక్కకూడదు. కాని ఎండకు వదులై చక్రం కూరుకుపోయే ఇసుకదారులు కొంచెం తడి తగిలితే గట్టిపడి సాఫీగా సాగుతాయి. స్లిక్‌రాక్ వంటి వట్టి రాతిదారి త్వరగా ఆరుతుంది. ఫ్రూటా చుట్టుపక్కల మాన్కోస్ షేల్ అనే బూడిదరంగు బంకనేల మాత్రం తడిస్తే ఉబ్బి, చక్రానికి ముద్దలుగా అంటుకుని బండిని కదలనివ్వదు. దాని మీద పడిన చక్రపు గాడి ఎండాక రాయిలా నిలిచిపోతుంది. కాబట్టి వాన పడినప్పుడు ఫ్రూటా వదిలి మోయాబ్‌కు రావడం, మోయాబ్‌లో ఎక్కే రాయి ఆరేదాకా సైకిలు తొక్కడం తెలివైన క్రమం.

వేడికీ ఇదే సూత్రం. మోయాబ్‌లో ఏడాదికి పడే వాన 230 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అనంతపురం జిల్లా సగటులో అది సగం కూడా కాదు. ఊరు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. వేసవి పగళ్లు నలభై డిగ్రీలకు చేరుతాయి. తూర్పున కనుచూపు మేరలోనే లా సాల్ పర్వతాలు 3,800 మీటర్లు దాటి లేచి ఉన్నాయి. జులైలో పొద్దున్నే ఆ కొండల చల్లదనంలో సైకిలు తొక్కి, మధ్యాహ్నం ఉరుములు మొదలవకముందే దిగిపోతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ బాగున్నా ఈదురుగాలి వీస్తుంది. సన్నని రాతి స్తంభాల మీద తాడును ఆ గాలి ఎగరేసి పగుళ్లలో చిక్కిస్తుంది, లోయ అడుగున మాత్రం అంత తెలియదు. అనుభవజ్ఞులు అందుకే ఒక పథకం రాసుకోరు. ఒకే వారానికి ఎత్తైన చోటు ఒకటి, ఎడారి ఒకటి, వర్షచ్ఛాయలో ఒకటి ఎంచి, మూడింటికీ నడుమ ఉన్న ఊళ్లో ఆగి, రాత్రి సూచన చూసి మర్నాటి దారి పట్టే పద్ధతి నిలబడింది.

ఆ సూచనలు చేతికి అందడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో జాతీయ వాతావరణ సేవ 1870లో సైన్యపు సిగ్నల్ విభాగం కింద మొదలైంది. 1950లో ఎనియాక్ యంత్రంపై తొలి కంప్యూటరు సూచన లెక్కించారు. 1960 ఏప్రిల్ 1న టైరోస్-1 ఉపగ్రహం మబ్బుల చిత్రాలు పంపింది. వానపడే అవకాశాన్ని శాతాల్లో చెప్పే పద్ధతి 1960ల నడుమ దేశమంతటా వచ్చింది. అయినా కొండల్లో ఉన్నవారికి అవి అందేది రేంజరు ఆఫీసు తలుపుకు అంటించిన కాగితం మీదో, దారిలో టెలిఫోను చేసినప్పుడో. 1970లలో వ్యాపించిన వాతావరణ రేడియో పెద్ద మార్పు. 162 మెగాహెర్ట్జ్ దగ్గర రాత్రింబవళ్లు సూచనలు చదివే ఆ చిన్న పెట్టె ఎన్నో వ్యాన్ల డ్యాష్‌బోర్డు మీద ఉండేది. 1990లలో ఇంటర్నెట్, 2000ల తొలి ఏళ్లలో పటం మీద ఏ చుక్కను నొక్కినా ఆ ఎత్తుకు తగిన సూచన చెప్పే జాతీయ వాతావరణ సేవ పద్ధతి వచ్చాయి. ఊరి సూచన కొండకు పనికిరాదన్న పాత బాధ దీంతో చాలావరకు తీరింది. తిరుగుడు లెక్క కూడా మారింది. పూర్వం ఋతువును నమ్మి వెళ్లి, అక్కడే తెరిపి కోసం కూర్చునేవారు. ఇప్పుడు ఐదారు రోజుల తెరిపిని ముందే చూసి, దాని వెంట పోతున్నారు.

సూచన దొరికినా చదవడం తెలియాలి. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో నడుస్తున్న పదకొండు మంది వరదలో చనిపోయారు. వారున్నచోట దాదాపు వాన లేదు. మైళ్ల ఎగువన కురిసిన జడివాన ఇరుకు లోయలోకి ఒక్కసారిగా దూకింది. తలమీది ఆకాశం కాదు, ఆ లోయకు నీరిచ్చే నేలంతటి మీది ఆకాశం చూడాలని ఎడారిలో తిరిగేవారు అప్పటి నుంచి కొత్తవారికి నొక్కి చెబుతారు. 2004 అక్టోబరులో ఎల్ కాపిటాన్ మీద ఇద్దరు జపాన్ క్లైంబర్లు మంచుతుఫానులో ప్రాణాలు కోల్పోయారు. ఇంకొందరిని రక్షకులు దించారు. రోజుల తరబడి సాగే గోడ మీద ఉన్నవారికి మూడో రోజున మారిన సూచన వల్ల ప్రయోజనం తక్కువ. పైకి పోవడమూ కిందికి రావడమూ ఒకేలా కష్టమైన చోట అది చేరుతుంది. అక్టోబరు నేటికీ యోసెమిటీలో అతి మంచి నెల, అతి ప్రమాదకరమైన నెల కూడా.

ఇటీవలి ఏళ్లలో పాత కాలపట్టికలోకి కొత్తది ఒకటి చేరింది, పొగ. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎడారి వేడికి తట్టుకోలేక ఎత్తైన కొండలకు చేరడం డెబ్భై ఏళ్ల అలవాటు. కార్చిచ్చులు ఎక్కువయ్యేదీ అవే నెలల్లో. 2020 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని 18 జాతీయ అడవులనూ ఒకేసారి మూసేశారు. అదే నెల 17 నుంచి 25 దాకా పొగ వల్ల యోసెమిటీ పార్కును కూడా మూశారు. 2021 ఆగస్టు చివర ఆ రాష్ట్రపు జాతీయ అడవులు మళ్లీ మూతపడ్డాయి. వాన నుంచి తప్పించుకోవడానికి కొండ దాటితే చాలేమో గాని, పొగ గాలిని బట్టి కొండలన్నీ దాటుతుంది. చలికాలపు మంచూ లెక్క తప్పుతోంది. 2022-23 చలికాలంలో సియెర్రాలో పడిన మంచుకు టయోగా కనుమ దారి 2023 జులై 22న గాని తెరుచుకోలేదు. నమోదైన చరిత్రలో అంత ఆలస్యం ఎన్నడూ లేదు. ఆ ఏడు టువాలమీ వేసవి సగానికి తగ్గింది. ఈ తరం క్లైంబరు బండి తీసేముందు వాన సూచనతో పాటు గాలి నాణ్యత పటం, మంచు కొలతలు, అడవులు తెరిచి ఉన్నాయో లేదో చెప్పే ప్రకటనలు కూడా చూసుకుంటున్నాడు.